గాజు కాగితం

ఆదిభట్ల దగ్గర గాలి ఫిల్టర్లు తయారుచేసే చోట నా పని కాగితం మడవడం. వెంట్రుకకన్నా సన్నని గాజు పోగులతో చేసిన తెల్ల కాగితం అది. చీర కుచ్చిళ్లలా మడతలు పెడుతుంటే కలలో మబ్బును మడుస్తున్నట్టు ఉంటుంది.

ఓ శుక్రవారం సాయంత్రం పనికిరాని ముక్కొకటి ఇబ్రహీంపట్నంలోని మా ఇంటికి తెచ్చాను.

"దీంట్లకెళ్లి దుమ్ము పోదు, పొగ పోదు అత్తమ్మా" అన్నాను గొప్పగా.

అత్తమ్మ ధూపం గిన్నెలోని నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, వెంటనే ఆ ముక్కను గిన్నెకు మూతలా కప్పింది. కాగితం కాలలేదు. పొగ కిందనే ఆగిపోయింది. నేను నవ్వబోయేంతలో సాంబ్రాణి వాసన మెల్లగా గదంతా పరుచుకుంది.

"పొగనైతే పట్టినవ్ గని, వాసన నీ చేతికి చిక్కలే బిడ్డా" అంది.

నాకు భలే కోపం వచ్చింది. ఆ కోపంలోనే కళ్లు మూసుకొని, గుండెనిండా పీల్చుకున్నాను.