మా తెల్లదాని నీటికాసులు

బొగ్గు ఓడలు ఆగే రేవు పక్కన తెల్లకుక్కని పెంచడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. తెలిసే పెంచాను. స్నానం చేయించిన సాయంత్రానికే బూడిదరంగుకి వచ్చేసేది. రేవుని ఆనుకున్న పాతపట్నంలో మా వీధివాళ్ళం ఏ జబ్బొచ్చినా ముందు దుమ్మునే తిడతాం. దాని ఎడమకన్ను ఎర్రబడినప్పుడూ అంతే. పక్కింట్లో ఉంటూ అత్తరు దుకాణం నడిపే సాయిబులావిడ, మేమంతా అక్కా అన్నట్టు పిలుచుకునే ఆపా, గోడమీంచి చూసి తేల్చేసింది.

"దుమ్మేనమ్మా. ఈ ఊర్లో కళ్ళు ఎర్రబడనోల్లు ఎవులున్నారు? పన్నీరెయ్యి."

వేశాను. నా కళ్ళకీ అదే వైద్యం. నాలుగు రోజులు పోయాక ఆ కంటిమీద నీలంగా పొర కమ్మింది. తిండి మానేసి, నుదురు గోడకి ఆనించి నిలబడేది. అలిగిందనుకున్నాను. రేవులో ఓ ఆఫీసులో బిల్లులు చూడటానికి పొద్దున పోతే దీపాలవేళకి గాని రాను, అలగడానికి దానికి హక్కుంది మరి.

పశువుల డాక్టరు పెన్నులాంటి పరికరం కంటికి ఆనించి తీసి పెదవి విరిచాడు.

"నీటికాసులండి. మనుషులకొచ్చేదే, జంతువులకీ వస్తాది. కంట్లో నీరు ఊరతానే ఉంటాది, బయటికి పోయే దారి మూసుకుపోయింది. ఒత్తిడికి చూపు నరం చచ్చిపోయింది. ఇన్నాళ్ళూ దీనికి తల పగిలిపోతన్నట్టే ఉండుంటాది."

రెండో కన్నైనా దక్కుతుందేమోనని చుక్కలమందు ఇచ్చాడు. వేళ తప్పకుండా వేశాను. వానలు వెళ్ళేలోగా అదీ పోయింది.

ఇక చుక్కలకి ఒత్తిడి దిగదనీ, చూపులేని ఆ కళ్ళు నొప్పికోసమే మిగిలాయనీ, రెండూ తీసేయడమే మంచిదనీ అన్నాడు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను. ఆలోచించడానికేముంది, నాకు ఇష్టం లేదు. ఆఫీసులో అందరూ నా చేతిలో కాగితాలు చూస్తారు. బస్సులో నా సీటు చూస్తారు. తాళం తీయగానే నా ముఖంలోకి చూసేవి ఆ రెండు కళ్ళే.

గోడ అవతల ఆపాకి ఓపిక నశించింది. "ఇంకా ఏటాలోసిస్తన్నావు?"

"తీసేస్తే నన్నెవరు చూస్తారు?" నోరుజారి అనేశాను.

"అదిప్పుడు సూత్తందేటి? నువ్వే దాన్ని సూసుకుంటన్నావు. నొప్పి దానిది, మురిపెం నీది."

ఒళ్ళు మండింది. లోపలికొచ్చి తలుపేసుకున్నాను. అది గోడ దగ్గరే నుదురానించి నిలబడి ఉంది. మర్నాడు సెలవు పెట్టి తీసుకెళ్ళాను.

కుట్లు ఆరాక అది గిన్నెని నాకుతూ నేలంతా తోసింది. ఎన్నాళ్ళకో నా చీరకొంగు పట్టి లాగింది. ముసలిదైపోయిందనుకున్న కుక్క, నొప్పి తగ్గేసరికి పిల్లలా గెంతుతోంది. సంతోషమే. కానీ ఎదురుగా కూర్చుంటే బొచ్చుమధ్య కుట్ల గీతలే కనిపించేవి. ఏడుపొచ్చేది.

చూపులేనిది ఉలిక్కిపడి కరవొచ్చు, ముట్టుకునేముందు పలకరించండి అని డాక్టరు చెప్పి పంపాడు. మళ్ళీ ఆఫీసుకి పోయిన రోజు సాయంత్రం తాళం తీసి గుమ్మంలో నిలబడ్డాను. ఏమనాలో తోచలేదు. అన్నేళ్ళూ దానితో కూడా చూపులతోనే సరిపెట్టుకున్నాను. చివరికి పద్మనాభం దగ్గరున్న మా పల్లెలో అనుకునేట్టే, "నానొచ్చీసినానే" అన్నాను. అది తోకాడించుకుంటూ గొంతు వినిపించినవైపు నడిచొచ్చింది. ఆ ఇంట్లో అద్దెకి దిగాక నా గొంతు నేను వినడం అదే మొదటిసారి.