ముద్ద దిగని రోజులు

అన్నం తినడం నాకు ఒక పనిగా మారి చాలా ఏళ్లయింది. బేతంచెర్లలో మాకు బండల పాలిష్ మిషన్లున్నాయి. మధ్యాహ్నం పనివాళ్లు క్యారియర్లు విప్పి, కబుర్లు చెప్పుకుంటూ తినేసి, చేతులు కడుక్కుని మళ్లీ మిషన్ల దగ్గరికి పోయేవాళ్లు. అప్పటికి నేను ఇంట్లో సగం కంచం దగ్గరే ఉండేవాణ్ని. నమలడం, ఒక గుక్క నీళ్లు తాగడం, దిగిందో లేదో చూసుకోవడం, మళ్లీ నమలడం. "తింటాండారా, కంచానికి కాపలా కాస్తాండారా?" అనేది మా ఆవిడ. మొదట్లో నవ్వేవాణ్ని. తర్వాత ఆ మాట ఫ్యాను చప్పుడులా అలవాటైపోయింది.

మా ఊళ్లో ఏ రోగమొచ్చినా బండల దుమ్ము మీదికే నెడతాం. దగ్గొస్తే దుమ్ము, కళ్లు మండితే దుమ్ము. నా గొంతు కూడా దుమ్ముతోనే పూడుకుపోయిందని అందరం తీర్మానించేశాం. ముద్ద అడ్డం పడినప్పుడల్లా మా అమ్మ వీపు రాసి, పెద్ద గ్లాసు నిండా పలుచటి మజ్జిగ ఇచ్చేది. కమలాపురంలో ఆమె పుట్టింటివాళ్లకు గేదెలుండేవి. ఎండ దెబ్బకు మజ్జిగ, అజీర్తికి మజ్జిగ, మనసు బాగోలేకపోయినా మజ్జిగే ఆమె వైద్యం.

బనగానపల్లెలో ఒక పెళ్లికి పోయినప్పుడు పంక్తిలో కూర్చుని మింగిన పూరీ ముక్క రొమ్ము వెనక నిలిచిపోయింది. నీళ్లు తాగితే నీళ్లూ వెనక్కే వచ్చాయి. విస్తరి ముందునుంచి లేచి, నోటికి కండువా అడ్డం పెట్టుకుని మంటపం వెనక్కి పరిగెత్తాను. "పొద్దున్నే తాగినట్టుండాడు, పాపం పెద్దింటోళ్లు" అని ఎవరో అనడం వినపడింది. సిగ్గుపడాల్సిన మాటే. నాకు సిగ్గు కూడా కలగలేదు. ఉమ్మి సైతం మింగలేక గోడకు ఆనుకుని నిలబడ్డాను. బావమరిది కారులో కర్నూలు తీసుకుపోయాడు.

అక్కడ కడుపు డాక్టరు గొట్టం వేసి ఆ ముక్క తీశాడు. అన్నవాహిక లోపల చిన్న ముక్కలు గిచ్చి పరీక్షకు పంపించాడు. రిపోర్టు వచ్చాక జబ్బు పేరు చెప్పాడు, ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అని. ఎలర్జీ ఉన్నచోటికి వచ్చే ఒక రకం రక్తకణాలు నా అన్నవాహికలో తిష్ఠ వేశాయట. ఇలాగే వదిలేస్తే దారి రానురాను సన్నబడి గట్టిపడిపోతుందని, అప్పుడు బెలూను పెట్టి సాగదీయాల్సి వస్తుందని అన్నాడు. "ఇది నా ఒక్కడితో అయ్యే పని కాదు. ఎలర్జీ డాక్టరమ్మను కలవండి" అన్నాడు. ఎలర్జీ అంటే తుమ్ములు, దద్దుర్లు అనుకునేవాణ్ని. గొంతుకూ తుమ్ములకూ ఏం సంబంధమో అడగాలనిపించలేదు. సరేనని లేచాను.

ఎలర్జీ డాక్టరమ్మ నా గొంతు చూడనే లేదు. చిన్నప్పుడు ఆయాసముండేదా, చర్మం దురదలు పెట్టేదా, పొద్దున్నే తుమ్ములొస్తాయా అని గుచ్చి గుచ్చి అడిగింది. ముంజేతి మీద దుమ్ము, పాలు, గోధుమ, ఇలా ఒక్కోదాని సారం చుక్కలుగా వేసి సూదితో గిచ్చింది. దుమ్ముకు చెయ్యి బాగా ఉబ్బింది. పాలకు, గోధుమకు ఏమీ కాలేదు. తుమ్ములకు మందు రాసి, ఆ తర్వాత పాలు మానెయ్యమంది.

"పాలకు చెయ్యి ఉబ్బలేదు కదమ్మా!" అన్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది నాకు. అసలే తిండి లేదు, ఉన్న నాలుగు మెత్తటి పదార్థాల్లోంచి పాలూ పెరుగూ తీసెయ్యమంటోంది.

"ఈ జబ్బులో తిండి సంగతి చేతికి తెలియదు. మానేసి, మళ్లీ గొట్టం వేసి లోపల చూడాలి. వేరే దారి లేదు. అన్నీ ఒకేసారి మాన్పిస్తే మీరు నిలబడలేరు. ముందు పాలు, పాలతో చేసినవి. దాంతో తగ్గకపోతే మింగే మందు ఉంది, అదీ వాడదాం."

ఇంట్లో పాలు బందయ్యాయి. పెరుగు, నెయ్యి, వెన్న బందయ్యాయి. మా ఆవిడ టీలో పాలు పోయకుండా తెచ్చి ముందు పెట్టి, నేను తాగేదాకా అక్కడే నిలబడేది. నా అన్నంలోకి చెనిక్కాయల పొడి, నూనె. బొరుగులు నానబెట్టి చేసే ఉగ్గాని మెత్తగా ఉంటుందని వారానికి మూడునాలుగు సార్లు అదే. రెండు నెలలు గడిచాయి. మళ్లీ గొట్టం వేశారు. లోపల ఏమీ మారలేదన్నారు. నిరాశపడాలి కదా అని నాకే అనిపించింది. బస్టాండులో కూర్చుని వచ్చే పోయే బస్సుల బోర్డులు చదువుతూ ఉండిపోయాను.

తర్వాతిసారి మా అమ్మ నాతోపాటు బయల్దేరింది. డాక్టరమ్మతో తేల్చుకోవాలని ఆమె పట్టుదల. లోపలికి పోగానే మొదలుపెట్టింది.

"ఏమమ్మా, పాలు మాన్పించి నా కొడుకును ఎండబెడితివి. ఎముకలు తేలినాయి చూడు. యాడ తగ్గింది?"

డాక్టరమ్మకు కోపం రాలేదు. కుర్చీ చూపించి, "మీరే చెప్పండమ్మా, పొద్దున లేచినప్పటినుంచి ఈయన నోట్లోకి ఏమేం పోతాయో" అంది. అమ్మ ఒక్కొక్కటే చెప్పింది. దాంట్లో తప్పుపట్టడానికేమీ లేదు. అప్పుడు డాక్టరమ్మ, "ముద్ద అడ్డం పడినప్పుడు ఏం చేస్తారు?" అని అడిగింది.

"ఏం చేస్తాం? వీపు రాసి మజ్జిగ ఇస్తాండా."

"ఇప్పుడూ ఇస్తున్నారా?"

"ఇయ్యకుంటే ఎట్ల? వెన్న తీసేసిన మజ్జిగలో ఇంకేముండాది, ఉత్త నీళ్లు. నేను ఇంకా శానా నీళ్లు కలిపి ఇస్తా. అది తిండి కాదు కదమ్మా, మందు."

నేను డాక్టరమ్మ వైపు చూశాను. నాకూ ఆ క్షణం దాకా మజ్జిగ పాల లెక్కలోకి వస్తుందని తట్టలేదు. మా ఆవిడకూ తట్టలేదు. జ్వరమొచ్చినవాడికి కూడా పెట్టే మజ్జిగను పథ్యంలోంచి తీసెయ్యాలని మా వైపు ఎవరికి తడుతుంది? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"తప్పు నాదేనమ్మా" అంది డాక్టరమ్మ. "పాలతో చేసినవి అన్నాను గానీ మజ్జిగ అని పేరు పెట్టి చెప్పలేదు. ఎంత పలుచన చేసినా దాంట్లో పాల సారం పోదు." మా ముందే కడుపు డాక్టరుకు ఫోన్ చేసింది. పాలు నిజంగా మానలేదని, మందు మొదలుపెట్టకుండా ఇంకో రెండు నెలలు ఆగుదామని చెప్పింది. అమ్మ కొంగు సర్దుకుంటూ కూర్చుంది. పోట్లాట మరిచిపోయింది.

ఆ రెండు నెలలూ ఇంట్లో నాకు మజ్జిగ లేదు. అడ్డం పడితే అమ్మ వచ్చి వీపు మాత్రం రాసేది. రెండో చేతిని ఏం చేసుకోవాలో ఆమెకు తెలిసేది కాదు. నెల దాటాక అడ్డం పడటం తగ్గింది. మూడోసారి గొట్టం వేశారు. రిపోర్టు కోసం అమ్మా నేనూ కర్నూలు పోతే, లోపల ఆ కణాలు దాదాపు లేవన్నారు. దారి ఇంకా గట్టిపడలేదు, బెలూను అక్కర్లేదు. పాలు మాత్రం ముట్టకూడదు. మధ్యమధ్యలో గొట్టం వేసి చూస్తూ ఉండాలి. డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. ఆమె సంతోషం చూసి నేను నవ్వాను. లోపల మాత్రం ఏమీ కదల్లేదు.

తిరుగు బస్సు డోన్ దాటింది. అమ్మ కిటికీ వైపే చూస్తూ అడిగింది.

"అయితే ఇన్నేండ్లు నీ గొంతుకు అడ్డం పడింది నేనేనా?"

"లేదులేమ్మా" అన్నాను. బండలెత్తిన లారీ డ్రైవరుకు ఇంక పొమ్మని చెప్పే గొంతుతో అన్నాను. అంతకంటే మంచి గొంతు అప్పుడు నా దగ్గర లేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం ముగ్గురం కలిసి భోజనానికి కూర్చున్నాం. రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ. నేను నీళ్లు ముట్టకుండా మూడు ముద్దలు మింగాను. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. అమ్మ చివర్లో కాస్త అన్నం పెట్టుకుని, చెంబులోని నీళ్లు పోసుకుని, ఉప్పు వేసి కలుపుకుంది. మజ్జిగ లేకుండా ఆమె భోజనం ముగించడం నేను పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ చూడలేదు.

"నీకేమైందమ్మా? మానాల్సింది నేను. నువ్వు పోసుకో."

"వద్దులేరా" అంది తలెత్తకుండా. "నాకు దిగదు."

 కంచంలో మిగిలిన ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. అది హాయిగా దిగిపోయింది.