భీమప్ప టిఫిన్ డబ్బాలో చేపలు

భీమప్ప చేతిలో టిఫిన్ డబ్బా చూసి ఆశపడొద్దు. అందులో ఉండేది అన్నం కాదు, బతికున్న చేపలు.

జన్మలో నీసు ముట్టని మనిషి! అందుకే తాండూరు చివర, బండల గనుల పక్కనున్న ఆ వాడంతా ఒకటే గుసగుస: "పైకి పప్పు, చాటుకు చేపల పులుసు." ఈ మాట శుద్ధ అబద్ధమని పక్కింటి గోవిందమ్మకు తెలుసు. ఎవరింట్లో ఏం ఉడుకుతుందో మూత తీయకుండా చెప్పే మనిషి ఆమె. భీమప్ప తినలేదు. తిన్నదెవరో కూడా ఆమెకు తెలుసు. అది తర్వాత.

పోయిన వానకాలం వాడలో ఈశ్వర్ కొడుక్కు మెదడువాపు జ్వరం వచ్చింది. పిల్లగాడు బతికాడు గానీ ఇప్పటికీ చెంచా పడితే చెయ్యి వణుకుతుంది. పందినో కొంగనో కుట్టిన దోమే వచ్చి పిల్లగాండ్లను కుడితే వచ్చే రోగమట. పాత గనుల గుంతల్లో నీళ్లు, గట్టుమీద పందులు, వాటి పక్కన కొంగలు. ఇంకేం కావాలి దోమకు?

అప్పటినుంచే రిటైరైన బస్సు కండక్టర్ భీమప్పకు చేపల పిచ్చి. అయిపోయినప్పుడల్లా వికారాబాద్ పోయి తెచ్చి, గుంతలో వదులుతాడు. దారి పొడుగునా మూత తీసి గాలి ఆడిస్తాడు.

"ఏందన్నా, కూర సల్లారబెడుతున్నవా?" అన్నాడు ఆటో డ్రైవర్.

"జర మెల్లగ పోనియ్యి తమ్మీ, లోపల పాసింజర్లున్నరు."

దిగగానే మళ్లీ లెక్క. "నలభై ఎక్కినయ్, పద్దెనిమిదే దిగినయ్!"

మొదటి చేపలు ఎండకు పోయాయి. రెండోసారివి వరదకు కొట్టుకుపోయాయి. మూడోసారివి నాలుగు రోజులు బతికాయి, ఐదోరోజు చూస్తే ఒక్కటీ లేదు. భీమప్ప గోవిందమ్మ ఇంటెనక గుంత గట్టుమీద కూలబడ్డాడు.

"పందులు పోవు, కొంగలు పోవు, దోమలు పోవు. పోయేటియి నా చేపలే, వదినె!"

గోవిందమ్మ చూపు నీళ్లమీదికి తిప్పుకుంది. ఈ చేపలు నీళ్లలోని దోమపిల్లలను తింటాయని అతను చెప్పినప్పుడు, "చేపను మనం తినాలె గాని, అది దోమను తినుడేంది?" అని నవ్వింది ఆమే. తినని మనిషి చేపలు నీళ్లపాలు చేస్తున్నాడని, కొంగుతో పట్టి పరకచేపల్లాగా ఉప్పూకారం పెట్టి వేయించిందీ ఆమే.

ఒళ్లో మనవరాలు అక్షర చెంప మీద దోమ వాలింది. గోవిందమ్మ గబుక్కున తోలింది. ఇక ఉండబట్టలేదు.

"భీమప్పా, తిన్నది నేనే. మరి ఊర్ల ఇన్ని గుంతలుండంగ, నా ఇంటెనక గుంతలనే ఎందుకేస్తవు?"

"నువ్వేనని ఎరికే వదినె. ఏపుడు వాసనొచ్చింది," అన్నాడు భీమప్ప, ఖాళీ డబ్బా కడుగుతూ. "మన అక్షరకు ఎనిమిది నెలలు. తొమ్మిది నిండితె గాని ఆ మెదడువాపు టీకా ఎయ్యరు. గందాక గీ గుంతకు కాపలా ఉండాలె. నువ్వు తిను, ఫికర్ లేదు. నువ్వు తినేటివాటి కన్న ఒక్కటి ఎక్కువ తెస్త, గంతే."