రెండు తుపాకులు, ఒక కప్పు ఐస్

2013 వేసవి. డాలస్ శివార్లలో ఒక తుపాకుల షాపు, దానికి ఆనుకునే తుపాకులు కాల్చి చూసుకునే షూటింగ్ రేంజ్. అక్కడ కౌంటర్‌లో పనిచేసేవాణ్ని. మా అమ్మ మాత్రం గుళ్లో కలిసినవాళ్లందరికీ నేను స్పోర్ట్స్ సామాన్ల షాపులో ఉన్నానని చెప్పేది. పూర్తి అబద్ధమేమీ కాదు, వెనక అరలో చేపల గాలాలు కూడా ఉండేవి.

తుపాకులు అమ్మడంలో మీరనుకునేంత సినిమా ఏమీ లేదు. చెప్పుల షాపుకి దగ్గరగా ఉండే పని. చేతి సైజు చూడాలి, పట్టుకుని చూడమనాలి, అద్దం ముందు హీరోలా నిలబడేవాళ్లని మర్యాదగా పక్కకి తేవాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే నేరచరిత్ర ఏమైనా ఉందా అనే తనిఖీ, అయ్యాకే బిల్లు. కొన్నాళ్లకి ఎవరేం కొంటారో నడక చూసి చెప్పగలనన్న గర్వం కూడా వచ్చింది.

ఒక శనివారం ఉదయం రవిగారు, ఆయన భార్య పద్మగారు వచ్చారు. ఆయన సాఫ్ట్‌వేర్. ఆవిడ వాళ్ల సొంత గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోల్ బంకులో ఉన్న స్టోర్‌లో పగలంతా ఒక్కరే కౌంటర్ చూసుకుంటారు. అంతకు కొన్ని రోజుల ముందే మిట్టమధ్యాహ్నం ఒకడు తుపాకీ చూపించి క్యాష్ పట్టుకుపోయాడు. ఏమైందని అడిగితే ఆవిడ, “అడిగాడు, ఇచ్చేశాను, పోయాడు” అని పాలవాడి సంగతి చెప్పినట్టు చెప్పారు. సోమవారం స్టోర్ తెరవాలి. ఏదో ఒకటి పక్కన లేకుండా ఆ తలుపు మళ్లీ తీయలేననీ, తీయకపోతే ఇక ఎప్పటికీ తీయననీ ఆవిడ భయం.

రవిగారు ల్యాప్‌టాప్ కొన్నట్టే చదువుకుని వచ్చారు. రివ్యూలన్నీ వడపోసి రెండు తేల్చారు. ఒకటి సెమీ ఆటోమేటిక్. దాని పిడిలో మ్యాగజైన్, అంటే గుళ్లు పేర్చిన డబ్బీ, ఉంటుంది, మొదటి గుండు పేలాలంటే ముందు పైనున్న స్లైడ్‌ని గట్టిగా వెనక్కి లాగి వదలాలి. రెండోది రివాల్వర్. గుండ్రంగా తిరిగే సిలిండర్, అందులో కాసిని గుళ్లు. లాగాల్సిందల్లా ట్రిగ్గరే, కాకపోతే అది బరువు.

“పదిహేను రౌండ్లు బ్రో ఇందులో. దాంట్లో అయిదే” అన్నారాయన, మైలేజీ చెప్పినట్టు. తర్వాత రీసేల్ ఎలా ఉంటుందని అడిగారు. సింగిల్ ఓనర్, లేడీ డ్రివెన్ అయితే మంచి రేటే వస్తుందన్నాను.

రేంజ్‌లో పద్మగారు రెండూ కాల్చి చూశారు. రెంటితోనూ కాగితం మీద బాగానే తగిలింది. సెమీ ఆటోమేటిక్‌కే ఓటు పడిందనుకుని నేను బిల్లుకి సిద్ధమయ్యాను. అప్పుడు రవిగారు ఫోన్ చూసి, “ఆగు బ్రో, పదిన్నర దాకా రాహుకాలం. ఆ తర్వాత కొడదాం” అన్నారు. డాలస్ టైమా, హైదరాబాద్ టైమా అని అడిగాను. ఆయన నవ్వలేదు.

అలా దొరికిన ఖాళీలో పద్మగారు లేచి షాపు మూలన ఐస్, కూల్‌డ్రింకులు పట్టుకునే సోడా మెషీన్ దగ్గరికి వెళ్లారు. పెద్ద కప్పు నిండా ఐస్ పట్టి తెచ్చి కౌంటర్ మీద పెట్టి, రెండు చేతుల వేళ్లూ అందులో ముంచి నిలబడ్డారు. చేతులు మంటపుడుతున్నాయా అక్కా అన్నాను.

“ఆ రోజు నా వేళ్లు నా మాట వినలేదు తమ్ముడూ. క్యాష్ డ్రాయర్ బటన్ నొక్కడానికే రాలేదు. ఇక్కడ ఏసీలో, నువ్వు పక్కన నిలబడి చెప్తుంటే ఏదైనా కాలుస్తాను. ఆ చేతులతో చూడాలి కదా.”

 

వేళ్లు పాలిపోయే దాకా ఉంచారు. నేను రెండు తుపాకులూ ఖాళీ చేసి, మళ్లీ ఒకసారి తెరిచి చూసి, కౌంటర్ దగ్గరే రేంజ్ గోడవైపు తిప్పి ఇచ్చాను. సెమీ ఆటోమేటిక్ స్లైడ్ ఆవిడ వేళ్లలోంచి సబ్బుబిళ్లలా జారింది. మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ జారింది. తర్వాత సగం దాకా వచ్చి ఆగిపోయింది. మొదటి గుండు ఇంట్లోనే ఎక్కించి ఉంచుకోవచ్చు, అప్పుడు స్లైడ్ లాగే పనుండదన్నాను. సమ్మర్ క్యాంప్ అవగానే పాప స్టోర్‌కే వస్తుంది, అలా ఉంచితే చిన్న వేలు తగిలినా పేలుతుందేమో, వద్దన్నారు. అప్పుడు రివాల్వర్ తీసుకున్నారు. రెండు చూపుడువేళ్లూ ఒకదాని మీద ఒకటి వేసి లాగారు. సిలిండర్ నెమ్మదిగా తిరిగింది. టక్. ఇంకోసారి. టక్.

“ఇది” అన్నారు.

రవిగారు ఫోన్ జేబులో పెట్టేసి ఆవిడ చేతులు పట్టుకున్నారు. పట్టుకోగానే ఉలిక్కిపడ్డారు.

“ఆ రోజు ఇంత చల్లబడ్డాయా?”

“ఇంకా. ఈ ఐస్ చాల్లేదండీ.”

అడిగాడు, ఇచ్చేశాను, పోయాడు అన్న ఆ పాలవాడి కథే ఇంట్లోనూ చెప్పారన్నమాట. ఆయన ఆ వేళ్లని తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ ఉండిపోయారు. నేను పక్క అరలో అప్పటికే సర్దేసిన తుపాకీ బెల్టులన్నీ తీసి మళ్లీ మొదటినుంచి సర్దాను. రాహుకాలం ఎప్పుడు వెళ్లిపోయిందో ముగ్గురం చూసుకోలేదు.

సోమవారం స్టోర్ తెరిచారు. ఆ తర్వాత నెలకోసారి ప్రాక్టీసుకి వచ్చేవారు, ముందు సోడా మెషీన్ దగ్గర ఆగి. నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ రివాల్వర్ కాగితం తప్ప దేన్నీ గాయపరచలేదు. ఐస్ ఎక్కువ అయిపోతోందని మా ఓనర్ మాత్రం గొణిగేవాడు.

అంతకుముందు నా దగ్గరికొచ్చినవాళ్లంతా తాము ధైర్యంగా ఉన్నప్పటి చేతికి సరిపోయేది కొనుక్కుపోయారు, నేనూ అదే అమ్మాను. భయపడే చెయ్యి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు. టైలర్ దగ్గరికి ఆది జాకెట్టు పట్టుకెళ్లినట్టు, పద్మగారు తన భయాన్ని కొలత కోసం వెంట తెచ్చుకున్నారు. ఆ తర్వాత రెండింటి మధ్య తేల్చుకోలేనివాళ్లకి ముందు ఒక కప్పు ఐస్ ఇచ్చేవాణ్ని. చాలామంది అందులో కోక్ పోయించుకుని తాగేసేవారు.