నీళ్లు దాటకుండా కట్టిన గోడ

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్న గోడకు నీళ్లు పోయే రంధ్రాలు పెట్టకపోవడానికి కారణం మర్యాద. సివిల్ ఇంజనీరింగ్ చదివినవాడు రాయాల్సిన మాట కాదిది. కానీ ఎంత వెతికినా నాకు ఇంకో కారణం దొరకలేదు.

సరూర్‌నగర్ చెరువుకు దిగువన ఉన్న కాలనీల్లో ఇంటి వయసును దాని ఎత్తును బట్టి చెప్పొచ్చు. పాత తారు మీదే కొత్త తారు పోస్తూ పోతారు కాబట్టి రోడ్డు పెరుగుతూ ఉంటుంది, పాత ఇల్లు గుంటలోకి దిగుతూ ఉంటుంది. కొత్తగా కట్టుకునేవాడు ముందు రోడ్డు కన్నా ఎత్తుగా మట్టి పోయిస్తాడు. నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి, చాలాకాలం కిరాయి ఇళ్లలో ఉండి, చివరికి ఇక్కడ స్థలం కొన్నప్పుడు మేమూ అదే చేశాం. ఎల్బీనగర్‌లో ఎవరో అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం తవ్విన మట్టిని లారీల్లో తెప్పించి, మనిషి ఛాతీ ఎత్తున నింపాం. వాస్తు ప్రకారం వాలు ఈశాన్యానికి ఇచ్చాం. ఆ మూలకు అవతల పక్కింటివాళ్లున్నారు.

వాళ్లది పోచంపల్లి దగ్గర ఊరు. అంకుల్‌కి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు. షాపులోకి సరుకంతా ఊళ్ల నుంచే వచ్చేది. అయినా ఆయన తల్లి మాత్రం మా గోడకు ఆనుకుని ఉన్న రేకుల గదిలో ఒక గుంట మగ్గం పెట్టుకుంది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేసేది. మేం ఆమెను మామ్మగారు అనేవాళ్లం. వాళ్ల వైపు లేని ఆ పిలుపు విని ఆమె నవ్వేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. అంకుల్ సాయంత్రాలు దీక్షా శిబిరంలో కూర్చునేవారు. నాన్న మాకు కొన్ని జాగ్రత్తలు చెప్పారు. టీవీలో వార్తలు పెడితే సౌండు తగ్గించాలి. వాళ్ల గేటు ముందు బండి పెట్టకూడదు. రాజకీయం ఎవరెత్తినా తలాడించి ఊరుకోవాలి. మన ఇంటి నీళ్లు వాళ్ల వైపు చుక్క కూడా పోకూడదు.

అప్పటికి ఇంజనీరింగ్ చదువుతున్న నేను గీసిన డ్రాయింగులో, ఆ మట్టిని ఆపే గోడకు రంధ్రాలున్నాయి. వెనకాల మట్టి తడిస్తే ఆ నీరు బయటికి పోవడానికి వదిలే వాటిని వీప్ హోల్స్ అంటారు. నాన్న కాగితం చూసి, “ఇవెందుకురా?” అన్నారు. చెప్పాను.

“అంటే మన మురికంతా వాళ్ల వాకిట్లో కారుతుందన్నమాట. ఈ రోజుల్లో కోరి గొడవ తెచ్చుకుంటామా? గోడ ఇంకొంచెం లావుగా కట్టించు.”

గోడ లావు, వెనక చేరే నీటికి జవాబు కాదని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. పైపు ముక్కలు కోసి పెట్టుకున్న మేస్త్రీకి వద్దని చెప్పింది కూడా నేనే. ఆ రోజు ఒక గొడవ తప్పించానని తృప్తిపడ్డాను.

తరవాతి వానాకాలంలో బందులూ సమ్మెలూ వరసగా నడుస్తుండగా ముసురు పట్టింది. బస్సుల్లేవు. కాలేజీ లేదు. టీవీలో ఎక్కడో కొండచరియలు విరిగి రోడ్డు మీద పడటం చూపిస్తున్నారు. నేను టీ తాగుతూ నాన్నకు వివరిస్తున్నాను. మట్టి నీళ్లు తాగి బరువెక్కుతుంది, పట్టు తగ్గుతుంది, లోపలి నీరు బయటికి తోస్తుంది, అప్పుడు ఒక్కసారిగా జారుతుంది అని. చెబుతూనే లేచి వెళ్లి ఈశాన్యం మూల చూశాను. అక్కడ నీళ్లు మడుగు కట్టాయి. గచ్చుకూ గోడకూ మధ్య నా చెయ్యి దూరేంత సందు పడింది. గోడ మధ్యలో పొట్టలాగా అవతలికి ఉబ్బింది.

అవతల మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

నాన్నను పిలిచి చూపించాను. ఆయన గొంతు తగ్గించి, “గోడ తప్పని చెప్పకు. వానకి జాగ్రత్తగా ఉండమని చెప్పు చాలు” అన్నారు. నేను గేటు దాటి వాళ్ల వాకిట్లోకి దిగేదాకా ఆ మాటే ఎలా అనాలో కూర్చుకున్నాను.

మామ్మగారు గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. గోడ ఉబ్బు ఆమె వీపు వెనకే ఉంది.

“మామ్మగారూ, కాసేపు పెద్దింట్లోకి వెళ్తారా? వాన ఎక్కువగా ఉంది.”

“వాన పడితే రేకులు చప్పుడైతయ్ బిడ్డా, గంతే. నువ్వేంది గిట్ల తడుసుకుంట ఒచ్చినవ్?”

“ఇక్కడ ఉండకూడదండీ. లేవండి.”

“ఓరి కొడుకా, ఇగో ఇటు రా!” అని ఆమె అంకుల్‌ని కేకేసింది. “మీరు ఆంధ్రోళ్లను పొమ్మంటున్రు. గీ పిల్లగాడొచ్చి మనల్నే ఇంట్లకెళ్లి పొమ్మంటుండు!”

అంకుల్ నవ్వుతూ వచ్చారు. “ఏంది ఇంజనీర్ సాబ్, గంత పరేషాన్ ఏంది?”

ఆమె పడుగు దారాల మీద చెయ్యి వేసుకుని కదలడం లేదు. కూర్చిన మాటలన్నీ పోయాయి. “గోడ పడుతుంది అంకుల్. నీళ్లు పోవడానికి రంధ్రాలు పెట్టాలి. పెట్టలేదు. పెట్టొద్దన్నది నేనే” అన్నాను.

ఆయన ఆమె వెనక్కి వెళ్లి గోడ ఉబ్బు చూశారు. వచ్చి ఇంకేమీ అడగకుండా తల్లిని చంకల కింద చేతులు వేసి పైకి లేపారు. ఆమె తిడుతూనే ఉంది.

“ఇప్పుడేం చెయ్యాలె?”

“ఉబ్బిన చోటికి దూరంగా గోడ కొంత పగలగొట్టి మడుగు ఖాళీ చెయ్యాలి. గోడ మీద బరువు తగ్గుతుంది. కానీ ఆ నీళ్లు...” అని ఆగాను.

నీళ్లు ఎటు పోతాయో ముగ్గురికీ కనిపిస్తూనే ఉంది. వాళ్ల వాకిలి రోడ్డు కన్నా పల్లం. వాకిట్లోకెల్లా పల్లం ఆ గుంట. మగ్గం మీద పడుగు ఉంది. సగం నేసిన చీర ఉంది. విప్పి తీసే వ్యవధి లేదు. గోడ పడితే రేకుల గదితో ఆగుతుందని, దాని అవతల వాళ్లు వండుకునే గది దాకా రాదని నేను హామీ ఇవ్వలేను.

అంకుల్ తల్లి వైపు చూశారు. ఆమె సగం నేసిన చీర వైపు చూసింది. తరవాత, “ఇడువురి నీళ్లు” అంది.

నేను పరుగెత్తి వెళ్లి చెబితే నాన్న గడ్డపార తెచ్చారు. మా వైపు నుంచి నేనూ నాన్నా ఇటుకలు ఊడబెరికాం. బురద నీళ్లు ఒక్క ఊపున వాళ్ల వాకిట్లోకి దూకాయి. అంకుల్ తడుస్తూ అవతల నిలబడి, “ఎన్నడు లేంది, ఆంధ్రోళ్లు మాకు నీళ్లిడుస్తున్రు! శిబిరంల చెప్తే ఎవడన్న నమ్ముతడా?” అన్నారు. నాన్న నవ్వబోయి నవ్వలేకపోయారు. గడ్డపార ఎత్తి ఇంకో ఇటుక ఊడబెరికారు.

గోడ అంతకన్నా వంగలేదు. గుంట మాత్రం నిండింది. మేం తెప్పించి నింపిన మట్టి కరిగి పడుగు దారాల మీద ఎర్రగా పేరుకుంది. రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. వాన తెరిపిచ్చాక నాన్న ఆ గది గుమ్మం దగ్గర నిలబడి, మీరేం చెయ్యమంటే అది చేస్తాం అన్నారు. అంకుల్, “మా అమ్మ బతికుంది గదా సార్, ఇంకేం గావాలె” అన్నారు. తిట్టినా బాగుండేది. గల్లీలో ఎవరికీ ఆయన ఈ సంగతి చెప్పలేదు. మేం భయపడిన గొడవ ఎప్పుడూ రాలేదు. వచ్చేదే కాదని, మొదట్లోనే గేటు తీసుకుని వెళ్లి అడిగి ఉంటే రంధ్రాలు ఎక్కడ పెట్టాలో ఆయనే చూపించేవారని ఇప్పుడు అనుకుంటాను. మేం ఆయన్ని మర్యాదగా చూశాం గానీ ఒక్క మాట అడగలేదు.

గోడ ఆ భాగం విప్పి, రంధ్రాలతో, అవతల కాలువతో మళ్లీ కట్టించాను. పని అయిపోయాక మామ్మగారు నన్ను పిలిచింది. మగ్గం కొయ్యలు అప్పటికే తీసేశారు. గుంటలో బురద ఎండి పగుళ్లిచ్చింది.

“గిది పూడ్పియ్యి బిడ్డా. మీద సిమెంట్ ఎయ్యి. నీకెరుకనే గదా.”

“మళ్లీ తవ్విద్దాం మామ్మగారూ. గట్లు ఎత్తుగా కట్టిస్తాను, నీళ్లు రావు.”

“వద్దు. గోడ దిక్కు వీపు వెట్టి ఇగ నేను కూసోలేను.”

మొరం మట్టి తెప్పించి, పొరలు పొరలుగా తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టించి, గోడ నుంచి బయటికి వాలు ఇచ్చి గచ్చు వేయించాను. ఎక్కడా నీరు నిలవకుండా బకెట్‌తో పోసి చూశాను. ఆమె చెప్పులు విడిచి దాని మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది.

“మంచిగైంది” అంది.