పేరు పెట్టడం

తెలుగులో 'పేరు పెట్టడం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, పుట్టిన బిడ్డను ఇకమీదట ఫలానా అని పిలవాలని నిర్ణయించడం. రెండోది, వంక పెట్టడం. కూర బాగా కుదిరితే "పేరు పెట్టేందుకు లేదు" అంటాం కదా, అది. మామూలు ఇళ్ళలో ఈ రెండు పనులూ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషుల మీద జరుగుతాయి. ఆలూరులో మా ఇంట్లో మాత్రం రెండూ కలిసే జరిగేవి, అదీ నా మీదే జరిగేవి.

నాకు మా జేజి పేరు పెట్టారు. జేజి అంటే నాయన వాళ్ళమ్మ. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. రాస్తే నాతో పాటు ఆ పెద్దావిడ పేరు కూడా బజారున పడుతుంది, ఆమె ఉన్నన్నాళ్ళూ పడిన మాటలు చాలు. మా ప్రాంతంలో బతికున్న పెద్దల పేరు బిడ్డకు పెట్టడం మర్యాద కోసం మాత్రమే కాదు. పేరుతో పాటు ఆ మనిషి ఆయుష్షు, ఆ చేయి పెట్టిన అన్నం తాలూకు పుణ్యం, ఇంట్లో ఆమె కూర్చునే చోటు కూడా కొంత బిడ్డకు వస్తాయని నమ్మకం. జేజి నన్ను ఒళ్ళో వేసుకుని "నా పేరు నీకిచ్చినా, నా వయసూ నీకే" అని దీవించిందట. ఆమె ముక్కు కూడా నాకే వచ్చింది. దాన్ని మాత్రం ఎవరూ కోరుకోలేదు.

ఈ ఆచారంలో ఒక ఇబ్బంది ఉంది. కోడలు అత్త పేరు నోటితో అనకూడదు. కాబట్టి అత్త పేరు పెట్టుకున్న బిడ్డను తల్లి పేరు పెట్టి పిలవకుండా "జేజీ" అనో "పెద్దమ్మీ" అనో పిలుచుకోవాలి. మా అమ్మ ఈ నియమాన్ని సంతోషంగా ఉన్నంతసేపూ చక్కగా పాటించింది. కోపం వచ్చినప్పుడు మాత్రం నా అసలు పేరు గుర్తొచ్చేది. కన్నబిడ్డను కన్నబిడ్డ పేరుతో పిలుస్తుంటే ఎవరు మాత్రం తప్పుపడతారు?

"ఏమే," అని నా పేరు సాగదీసి, "పొద్దున్నుంచి అరుగు మీద కూచ్చోని ఆకువక్క నములుతాండావు. ఇంట్లో ఒక పుల్ల తీసి ఈడ నుంచి ఆడ పెట్టినావా?" అనేది.

నాకప్పటికి పళ్ళే సరిగా రాలేదు. ఆకువక్క నమిలేంత భాగ్యం ఎక్కడిది?

"కాఫీలో చక్కెర చాలలేదని నీ కొడుకుతో చాడీలు చెప్తాండావా?" అని ఇంకోసారి అడిగింది. పలకా బలపం పట్టుకుని బడికి పోతున్న పిల్లకు కొడుకేమిటి, కాఫీ ఏమిటి? నేను బిక్కమొహం వేసుకుని అరుగు మీదికి పోతే, అక్కడ జేజి ఆకుకు సున్నం రాస్తూ అంతా విని ఉండేది. కొంగున కట్టుకున్న బెల్లం ముక్క విప్పి నా చేతిలో పెట్టి, "నిన్ను గాదులేవే, నన్ను" అనేది. తిట్లు ఆమెవి, బెల్లం నాది. ఇంత న్యాయమైన పంపకం మా వంశంలో మళ్ళీ జరగలేదు.

ఆ జేజి పోయి చాలా కాలమైంది. నేను పెళ్ళి చేసుకుని కర్నూలు చేరాను. ఆలూరులో మా అంగడి ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు, నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో వానల గురించి మాట్లాడుతుంటాడు. తమ్ముడి భార్యది మైదుకూరు. నవ్వుముఖం పిల్ల. వచ్చినప్పటి నుంచి మా అమ్మకు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పోయిన ఏడు వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది.

పేరు కోసం తమ్ముడు ఫోన్లో వెతకడం మొదలుపెట్టాడు. అన్నీ రెండక్షరాల పేర్లు, నోట్లో వేసుకుంటే కరిగిపోయేవి. ఒకటి చదివి వినిపిస్తే మా అమ్మ, "పేరా అది? దగ్గినట్లుండాది" అంది. తన పేరు పెట్టమని మాత్రం అడగలేదు. అడిగితే అమ్మ ఎందుకవుతుంది? రోజూ నాకు ఫోన్ చేసి, మా వీధిలో ఎవరి మనవరాలికి ఏ జేజి పేరు పెట్టారో వరసగా చెప్పి, చివర ఒక నిట్టూర్పు విడిచేది. ఆ నిట్టూర్పు ఫోన్ లేకపోయినా కర్నూలుకు వినబడేంత పెద్దది.

తొట్టెలలో వేసే పండుగకు రెండు రోజులు ముందే నేను ఆలూరు వెళ్ళాను. ఆ రోజు మధ్యాహ్నం అందరం అన్నానికి కూర్చున్నప్పుడు, మరదలు సంగటి వడ్డిస్తూ ఎంతో మామూలుగా, "ఆ పేర్లన్నీ ఎందుకు? పాపకు అత్త పేరే పెట్టుకుందాం" అంది.

నాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తమ్ముడు తన భార్యను దేవతను చూసినట్టు చూశాడు. మా అమ్మ చేతిలో సంగటి ముద్ద నోటికి, కంచానికి మధ్య ఆగిపోయింది.

"నా పేరెందుకులేమ్మా, పాతకాలం పేరు" అంది.

అందరూ దాన్ని వినయం అనుకున్నారు. అమ్మ ముఖంలో ఉన్నది వినయం కాదని నాకొక్కదానికే తెలిసింది, పచ్చి భయం అది. ఆ పేరుతో ఏమేం చేయవచ్చో ఆ ఇంట్లో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

సాయంత్రం పెరట్లో శనక్కాయలు ఒలుస్తూ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ పిల్ల ఇన్నాళ్ళు నాకు ఎదురు చెప్పింది లేదు. అదంతా యాడ పెట్టుకోనుండాదో తెల్సునా నీకు?" అంది.

"యాడమ్మా?"

"కడుపులో. నేనూ అట్లే పెట్టుకోనుంటి, నువ్వు పుట్టేదాక."

నాకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"చెవిలో పేరు చెప్పేది మేనత్తనే గదా. నువ్వు యాదో ఒక దేవుని పేరు చెప్పెయ్. చెవిలో పడిందే పేరు. తర్వాత వీళ్ళు ఏమని పిల్చుకున్యా అది పేరు కింద రాదు."

"అయితే నీ పేరు పెట్టేది నీకు ఇష్టం లేదా?"

అమ్మ ఒలిచిన పప్పులు పొట్టులో వేసింది, పొట్టు చేటలో వేసింది.

"ఇష్టం ల్యాక గాదే. ఆశ ఉండాది. శానా ఉండాది. గాని మనిషికి ఉండేది ఒక్క పేరు. అదీ తిట్లకు పోతే నాకంటూ ఏం మిగుల్తాది?"

ఆ మాటకు నా నవ్వు పోయింది. అన్నం తినేటప్పుడు కూడా ఆకలైందని నోరు తెరిచి చెప్పని మనిషి, ఒక కోరికను బయట పెట్టడం నేను చూడటం అదే మొదలు. ఆ వెంటనే ఆ కోరికకు తానే అడ్డం కూర్చోవడం కూడా చూశాను. జాలి వేసింది.

మర్నాడు పాపకు నీళ్ళు పోసేటప్పుడు మరదలి దగ్గరికి వెళ్ళాను. ఆమె కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పాపను బోర్లా పడుకోబెట్టుకుని నూనె రుద్దుతోంది. నేను ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే తనే మొదలుపెట్టింది.

"అత్త భయపడతాంది గదా వదినా?"

"నీకెట్ల తెల్సు?"

"మా ఇంట్లో నాది గూడా జేజి పేరే. మా జేజి పడాల్సినవన్నీ నేనే పడినా. మైదుకూరులో ఒకరకం, ఆలూరులో ఒకరకమా?"

"అయితే మా అమ్మను తిట్టేదానికేనా ఈ పేరు?" అని సూటిగానే అడిగాను.

మరదలు చెంబుతో పాప వీపు మీద గోరువెచ్చని నీళ్ళు పోసింది. పాప గుక్కపట్టింది. ఆ ఏడుపు తగ్గేదాకా ఆగి, అదే నవ్వుముఖంతో చెప్పింది.

"తిట్టేదానికే అని కాదు వదినా. నాకు అత్త అంటే ఇష్టమే. గాని ఎప్పుడన్నా తిట్టాల్సొస్తే పేరు చేతికందేకాడ ఉండాల గదా."

ఆ నిజాయితీకి పేరు పెట్టేందుకు లేదు.

పండుగ రోజు ఇంటి నిండా ఆడవాళ్ళు. కన్నడం మాట్లాడే ఊళ్ళు మాకు దగ్గర కావడం వల్ల వచ్చిందో ఏమో, మా పక్క ఒక పద్ధతి ఉంది. మేనత్త తొట్టెల మీదికి వంగి బిడ్డ చెవిలో పేరు చెబుతుంటే, వెనకనుంచి ఆడవాళ్ళంతా ఆమె వీపు మీద గుద్దుతారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. మేనత్తలు చేసుకున్న పాపాలను బట్టి చూస్తే కారణం వెతకనక్కర్లేదని నా అభిప్రాయం.

నేను వంగాను. పాప మేలుకునే ఉంది. నుదుటి మీద దిష్టిచుక్క, కళ్ళకు ఇంత కాటుక. నావైపు కాకుండా నా చెవి కమ్మవైపు చూస్తోంది. ఆ క్షణాన ఆ బిడ్డకు పేరు లేదు. పుట్టిన బిడ్డ కాబట్టి పుణ్యం లేదు, పాపం లేదు, ఎవరి మీదా కోపం కూడా లేదు. అంత ఖాళీగా ఉన్న మనిషి చెవిలో ఒక మాట వేయడం చిన్న పని కాదని నాకు అప్పుడు తెలిసింది. ఎవరి కోరికను వెయ్యాలి? అమ్మ వద్దంది. వద్దన్న గొంతులోనే ఆశ ఉందని కూడా చెప్పింది.

నాకు జేజి గుర్తొచ్చింది. తన పేరు నాకిచ్చేటప్పుడు తిట్లు కూడా అదే దారిన వస్తాయని ఆమెకు తెలియకుండా ఉంటుందా? ఆమె మాత్రం ఒకప్పుడు కోడలు కాదా? తెలిసే ఇచ్చింది. దీవెన అంటే మంచిమంచివి ఏరి పొట్లం కట్టి ఇచ్చేది కాదేమో. ఇచ్చిన తర్వాత దాన్ని ఎవరు ఎట్లా వాడుకుంటారో మన చేతిలో ఉండదు, అయినా ఇవ్వడమే దీవెన అనిపించింది.

అమ్మ పేరే చెప్పాను. చెవిలో గుసగుసగా చెప్పాల్సింది కాస్తా, గడప దగ్గర నిలబడిన వాళ్ళకు కూడా వినబడేలా మూడుసార్లు చెప్పాను. వీపు మీద గుద్దులు వరసగా పడ్డాయి. అన్నీ ఆటగుద్దులే, చివరిది తప్ప. అది ఎవరి చెయ్యో తిరిగి చూడకుండానే తెలిసింది.

అమ్మ నాతో కొన్ని వారాలు ముభావంగా ఉంది. ఫోన్ చేస్తే "ఆఁ, బాగుండాము" అని నాయనకు ఇచ్చేది. మరదలు నియమం తప్పలేదు, పాపను "బంగారూ" అని పిలుచుకుంది. పేరు రేషన్ కార్డులోకి పోయి హాయిగా పడుకుంది.

పాప పాకడం మొదలుపెట్టాక నేను మళ్ళీ ఆలూరు వెళ్ళాను. నడవలో అమ్మ, నేను కూర్చుని ఉన్నాం. పాప వంటింట్లో ఉంది. ఉన్నట్టుండి డబ్బా దొర్లిన చప్పుడు, దాని వెనకే మరదలి గొంతు వినిపించాయి. మొదట అమ్మ పేరు, ఏ వరసా తగిలించకుండా, ఉత్త పేరు. ఆ తర్వాత మిగతాది.

"చెప్పిన మాట ఒకటన్నా వింటాండావా నువ్వు? బీపీ ఉండాది, ఉప్పు తగ్గించు అంటే తగ్గించవు. మాత్రలు ఏసుకున్యా అని అబద్ధాలు చెప్తావు."

పాకే పిల్లకు బీపీ ఏమిటి? ఇంక యుద్ధమే అనుకుని నేను అమ్మవైపు తిరిగాను.

"ఆఁ, వస్తాండా," అంది అమ్మ. గట్టిగా, గబుక్కున, చిన్నపిల్ల పలికినట్టు. అని లేచి నిలబడింది కూడా.

వంటింట్లో సద్దు ఆగిపోయింది. పిండి చేతులతో మరదలు గడప దగ్గరికి వచ్చి, తలెత్తలేక అక్కడే నిలబడింది. అమ్మ నిలబడినచోటే మెల్లగా కూర్చుంది.

"మా యమ్మ పిల్చినట్లే వినపడినాది," అంది నాతో. "ఆమె పోయినాంక నన్ను ఆ పేరుతో ఎవురు పిల్చినారు? మీ నాయన ఏమే అంటాడు. మీరు అమ్మ అంటారు, ఇది అత్త అంటాది. ఆస్పత్రిలో చీటీ చూసి సదువుతారు గాని, అది పిల్చినట్లు గాదు. పేరు పెట్టి పిల్చి తిట్టేవాళ్ళు ల్యాక ఎన్నేండ్లాయనో."

మరదలు ఆ రోజంతా సిగ్గుతో చచ్చిపోయింది. ఆ మర్నాటి నుంచి ఆమె నోట కోపంలో కూడా "బంగారూ" తప్ప ఇంకో మాట రాలేదు. పాప పాలు ఒలకబోస్తే బంగారు, గిన్నెలు దొర్లిస్తే బంగారు. ఇంట్లో అంత శాంతి ఎప్పుడూ లేదు. అమ్మ మాత్రం ఆ శాంతిని భరించలేక నడవలో అటూ ఇటూ తిరిగింది.

నేను కర్నూలుకు బయల్దేరే రోజు బ్యాగు సర్దుకుంటూ తలుపు సందులోంచి చూశాను. మరదలు పొయ్యి దగ్గర అటు తిరిగి ఉంది. పాప నేల మీద కూర్చుని ఉంది. అమ్మ గోడ వారగా నిలబడి, మూత తీసిన రాగిపిండి డబ్బాను కాలితో మెల్లగా పాప దగ్గరికి జరిపింది. జరిపి, ఏమీ ఎరగనట్టు వచ్చి నడవలో గోడకు ఆనుకుని కూర్చుంది. చెవి మాత్రం వంటింటివైపే పెట్టి ఉంచింది.