జేబులో ఉండిపోయిన బోల్టులు

మా ఆయన తాటిచెట్టంత పొడుగు. నేనేమో ఆయన భుజం కిందికి వస్తాను. చర్చికి పక్కపక్కన నడిచి వెళుతుంటే వీధిలో పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ పొడుగు నాకు గర్వంగా ఉండేది, ఆయనకు మాత్రం తిప్పలు. లారీ నడపడానికి కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి తగిలేవి. రాత్రి ఇంటికొచ్చాక వాటికి కొబ్బరినూనె రాయడం నా పని.

యజమాని కొత్త లారీ కొన్నాక దాంట్లో మరీ ఇరుకైంది. మేముండే టాటానగర్ పక్కనే, ఆదిత్యపూర్‌లో, మా ఆయన స్నేహితుడు లారీలు బాగుచేసే చిన్న షెడ్డు నడిపేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి, నన్ను నోరారా వదినా అనేవాడు. సీటు ఊడదీసి, దాని కాళ్ళ కింద ఇనుప పట్టీలు వేసి, బెత్తెడు వెనక్కి జరిపాడు. ముందు కాళ్ళకి బోల్టులు బిగించాడు. వెనక కాళ్ళకి కన్నాలు వేశాడు గానీ సరిపడా పొడుగు బోల్టులు లేవు. బజారు నుంచి అవి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. మర్నాడు విశ్వకర్మ పూజ. అప్పటికే పానాలూ సుత్తులూ కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందు పేర్చేశాడు. ఇక పూజ నాడంతా పనిముట్టు ముట్టుకోకూడదు. టాటానగర్ అంతటా అదే పద్ధతి.

పూజ రోజు మేమూ షెడ్డుకి వెళ్ళాం. లారీలకి దండలు, ఆకుల్లో వేడి కిచిడీ. భోజనాల మధ్యలో యజమాని మనిషి వచ్చి, "కల్ సుబే నికల్‌నా హై" అని చెప్పిపోయాడు. చైబాసా లోడు. రేపు తెల్లారకముందే బయల్దేరాలి, షెడ్డు తెరిచేదాకా ఆగడానికి లేదు.

షెడ్డు స్నేహితుడు వెంటనే లేచాడు. "రెండు బోల్టులే కదన్నా, ఇప్పుడే బిగించేత్తాను. దేవుడేటీ అనుకోడు."

మా ఆయన అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "వద్దు తమ్ముడూ. ఆదివారం నన్ను బండి తియ్యమంటే తీత్తానా? ఈ ఒక్క ట్రిప్పుకీ తాడు కట్టుకుంటాను, వచ్చాక బిగిద్దువుగాని."

"సీటుకి తాడేటి? ఆవుని కడతన్నావా?" అన్నాను నేను.

ఇద్దరూ నవ్వారు. మా ఆయన బోల్టులు చొక్కా జేబులో వేసుకుని, నా నోటికి తాళం వేసినట్టు కిచిడీ ఇంకాస్త వడ్డించాడు. సీటుకి తాడేటన్న నా మాట నిజమైనందుకు ఈనాటికీ నాకు ఏడుపే వస్తుంది. ఎంత మర్యాదస్తులు ఇద్దరూ! ఆ మర్యాద మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు.

మర్నాడు చీకట్లో, చైబాసా దారిలో లైట్లు లేని ఎడ్లబండి ఎదురుపడింది. ఆయన గట్టిగా బ్రేకు తొక్కాడు. బండివాడికి గాని ఎడ్లకి గాని ఏమీ కాలేదు. తాడు తెగి, వెనక కాళ్ళు పైకి లేచి, మనిషితో సహా సీటు ముందుకు తిరగబడింది. బెల్టులు ఆ రోజుల్లో ఎవరెరుగుదురు? రెండు పక్కటెముకలు విరిగాయి, కుడి మోకాలు నుజ్జయింది. ఆస్పత్రిలో ఆయన చొక్కా నా చేతికిచ్చారు. జేబులో బోల్టులు అలాగే ఉన్నాయి.

ప్రాణం దక్కింది. మోకాలు మాత్రం మళ్ళీ వంగలేదు, స్టీరింగు మళ్ళీ పట్టలేదు. చర్చిలో బల్ల చివర కూర్చుని, ఆ కాలు నడవలోకి చాపుకునేవాడు. ప్రార్థనకి వెళ్ళేవాళ్ళు దాన్ని తప్పుకుని నడిచేవాళ్ళు. చూడలేక నేను కళ్ళు మూసుకునేదాన్ని. అందరూ నాది గొప్ప భక్తి అనుకున్నారు.

మరుసటి ఏడు పూజ ముందురోజు సాయంత్రం ఆ షెడ్డు స్నేహితుడు మా ఇంటికొచ్చాడు. గుడ్డలో చుట్టిన పానాలు గుమ్మం లోపల పెట్టాడు.

"ఇవి దేవుడి దగ్గర పెట్టలేదు వదినా. రేపు ఎవుడికైనా అవసరం పడితే ఇక్కడికి పంపిత్తాను. అన్న బిగిత్తాడు. మీకు ఈ పట్టింపు లేదు కదా."

లేదు. మాకు ఎన్నడూ లేదు. పూజలో పెట్టని పానా ఒకటి తెచ్చి కిరస్తానీవాడే బిగించుకుంటే ఏ దేవుడూ అడ్డుపడేవాడు కాడు. ఆ రోజు కిచిడీ తింటున్నప్పుడు ఈ మాట మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మా ఆయన ఆ గుడ్డ మూట ఒళ్ళో పెట్టుకుని, ముడి విప్పి, పానాలు ఒక్కొక్కటీ చాపిన కాలు పక్కన పేర్చుకున్నాడు.